తరుగు తీసిన తూకం

మొన్నామధ్య ఓ ఆదివారం పొద్దున్నే మా పక్కింటి పిల్ల పిట్టగోడ మీంచి తొంగిచూసి, "అమ్మమ్మా, నాకో డౌటు" అంది. నేను దానికి అమ్మమ్మనేమీ కాను. ఈ బందరు వీధిలో తల నెరిసిన ఆడవాళ్ళందరం దానికి అమ్మమ్మలమే. తొమ్మిదో తరగతి చదువుతోంది. వాళ్ళ బడిలో ఆడపిల్లలకి కుస్తీ నేర్పుతున్నారట, ఇదీ చేరింది. చీపురుపుల్లలా ఉండే పిల్ల కుస్తీ ఏమిటని వాళ్ళమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంటోంది. ఇంతకీ దాని డౌటేమిటంటే, దాని బరువు నలభై నాలుగు కిలోలు. అన్నం మానేసి కిలో తగ్గి కింది కేటగిరీలో దిగాలా, తింటూ పై కేటగిరీలో దిగాలా అని. "ముందు నీ బరువు ఎక్కడ చూశావే?" అన్నాను. కిరాణా కొట్లో చూసిందట. "ఎవరు చూసి చెప్పారు? నువ్వు చూశావా, కొట్టువాడు చెప్పాడా?" అని గద్దించాను. పిల్ల బిత్తరపోయింది. "కొట్టువాడు చెప్తే ఏమైంది అమ్మమ్మా?" అంది. ఏమైందో చెప్పాలంటే పిట్టగోడ దగ్గర నిలబడి చెప్పే సంగతి కాదు. ఇక్కడ కూర్చుని మీకు చెబుతాను.

నేను ఇరవై ఏళ్ళ పైచిలుకు డ్రిల్లు టీచరుగా చేశాను. చేసినన్నాళ్ళూ నా కోపం ముక్కు మీదే ఉండేది, ఇప్పుడు కొంచెం కిందికి దిగింది. కొత్తగా ఉద్యోగం వచ్చిన రోజుల్లో నన్ను దివిసీమలో నాగాయలంక అవతల, ఇక ఆ పైన సముద్రమే అన్నట్టుండే ఒక ఊరి హైస్కూలుకి వేశారు. రెండు వేల సంవత్సరం వచ్చిన కొత్తల్లో అన్నమాట. అవనిగడ్డలో అద్దెకుండి రోజూ బస్సులో వెళ్ళొచ్చేదాన్ని. ఊళ్ళో సగం మంది వేటకి వెళ్ళేవాళ్ళు, మిగతా సగం ఆ చేపల్ని ఎగుమతి చేసేవాళ్ళో, వలలు అల్లేవాళ్ళో, పడవలు కట్టేవాళ్ళో. గాలి ఎటు వీచినా చేపల వాసనే. నేను ముక్కుకి చేతిరుమాలు అడ్డుపెట్టుకుని బడిలోకి నడిచేదాన్ని. చేతిరుమాలు చూసి పిల్లలు నవ్వుకునేవాళ్ళు. నాకు ఒళ్ళు మండి గ్రౌండు చుట్టూ రెండు రౌండ్లు ఎక్కువ పరిగెత్తించేదాన్ని. ఇసకలో పుట్టి పెరిగిన పిల్లలు కదా, ఆ రెండు రౌండ్లూ వాళ్ళకి ఓ లెక్కా జమా.

ఆ ఏడు వేసవి సెలవులు అయిపోగానే, ఈసారి బడి తరఫున కుస్తీకి కూడా పిల్లల్ని పంపాలని కాగితం వచ్చింది. నాకు తెలిసింది ఖోఖో, కొంచెం వాలీబాల్. కుస్తీ అంటే తొడ కొట్టడం అనుకునేదాన్ని. బందర్లో మా డ్రిల్లు టీచర్లకి మూడు రోజులు ట్రైనింగు ఇచ్చారు. ముప్పై మంది మగవాళ్ళలో ఆడదాన్ని నేనొక్కదాన్నే. వాళ్ళు పట్లు నేర్చుకుంటుంటే నేను గోడవారగా కూర్చుని నోట్సు రాసుకున్నాను. కుస్తీ పట్టడం రాలేదు గానీ కుస్తీలో అసలు సగం పని పట్టక ముందే అయిపోతుందని మాత్రం ఆ మూడు రోజుల్లో బాగా తెలిసొచ్చింది. ఆ పని పేరు తూకం. నలభై రెండు, నలభై ఆరు, యాభై, యాభై నాలుగు, ఇలా గీతలు గీసి ఉంటాయి. నలభై రెండు దాటి నలభై ఆరు లోపున్నవాడు నలభై ఆరు కేటగిరీ. అది దాటితే వంద గ్రాములైనా సరే యాభైలోకి వెళ్ళాలి. ఒక్కో కేటగిరీకి బడి నుంచి ఒక్కడే. అందుకని తెలివైన మాస్టారు తన మంచి పిల్లలిద్దర్నీ ఒకే కేటగిరీలో ఇరికించడు. ఒకణ్ణి పైకో కిందికో జరుపుతాడు. బరువు తగ్గితేనే కింది కేటగిరీ. పైది మాత్రం తగ్గకుండానే దొరుకుతుంది. ఉన్న బరువుకి ఒక్క మెట్టు పైన దిగొచ్చు, రెండు మెట్లు కుదరదు. ఇదంతా నోట్సులో ఎర్ర సిరాతో అండర్‌లైన్ చేసుకున్నాను. ఊరికి వచ్చి తల్లిదండ్రులకి ఎలా చెప్పాలా అని తంటాలు పడుతుంటే ఒక పెద్దాయన, "పందెం పుంజులకి జత కట్టినట్టే కదండీ! ఎత్తుకి ఎత్తు, బరువుకి బరువు" అన్నాడు. అంతే, ఊరంతటికీ ఒక్క ముక్కలో అర్థమైపోయింది. అది అర్థం కావడానికి నాకు మూడు రోజులు పట్టింది.

పిల్లలు ముగ్గురు తేలారు. ఒకడు పడవలు కట్టే మేస్త్రి గారబ్బాయి. నెమ్మదస్తుడు, చెప్పిందల్లా చేస్తాడు. ఇంకొకడు కాస్త లావుపాటి వాడు, వాణ్ణి యాభై నాలుగుకి అనుకున్నాం. మూడోవాడు ఊళ్ళో చేపలు తూచే కాటా అక్క కొడుకు. వాడి గురించి చెప్పాలి. పొట్టిగా, నల్లగా, మెడా భుజం కలిసిపోయినట్టుండేవాడు. వాళ్ళ నాన్నతో వేటకి వెళ్ళి వల లాగిన చేతులు. వాడు మణికట్టు పట్టుకున్నాడంటే వదిలించుకోవడం ఎవరి తరమూ కాదు. పాలకాయతిప్ప వైపు మెత్తటి ఇసక చూసి, దాని మీద వరిగడ్డి పరిచి, పైన పడవ టార్పాలిన్ కప్పి ప్రాక్టీసు చేయించేదాన్ని. నేను ఒడ్డున నిలబడి నోట్సు చదువుతుంటే వాళ్ళు చేసేవాళ్ళు. "ఎడం కాలు లోపలికి వెయ్యి" అని నేను చదివేలోపు అక్క కొడుకు అవతలివాణ్ణి ఎత్తి పడేసేవాడు. పదో తరగతి. వయసు లెక్క ప్రకారం వాడికి అదే ఆఖరి ఏడు. జిల్లాలో గెలిస్తే రాష్ట్రం పోటీలకి వెళ్తాడు, అక్కడ ఏ స్పోర్ట్స్ హాస్టలు వాళ్ళ కళ్ళలోనైనా పడతాడు. లేదంటే పరీక్షలు కాగానే నాన్న పడవ ఎక్కడమే. ఆ సంగతి వాడికీ తెలుసు, నాకూ తెలుసు. "టీచర్, నేను గెలుస్తానా?" అని రోజూ అడిగేవాడు. "గెలవకపోతే నీ చర్మం వలుస్తాను" అనేదాన్ని. వాడు సంబరంగా నవ్వేవాడు.

ఇక కాటా అక్క. ఊళ్ళో ముసలివాళ్ళు కూడా ఆవిణ్ణి అక్కా అనే పిలిచేవాళ్ళు. ఒడ్డుకి వచ్చిన చేపల గంపలన్నీ ముందు ఆవిడ రేకుల షెడ్డులో కాటా ఎక్కాలి. ఇనప పలక, దాని మీద నిలువు స్తంభం, పైన జరిపే గుండు ఉన్న పాతకాలం కాటా. అమ్మేవాళ్ళూ ఆవిడ మాటే నమ్మేవాళ్ళు, కొనేవాళ్ళూ ఆవిడ మాటే నమ్మేవాళ్ళు. గంపల్ని లెక్కపెట్టేటప్పుడు ఒకటి అనదు, "లాభం, రెండు, మూడు" అంటుంది. మా బడికి బరువు చూసే మిషను లేదు, ఆసుపత్రిలో ఉన్నదాని ముల్లు ఎవరెక్కినా ముప్పై దగ్గరే ఆగిపోయేది. అందుకని ప్రతి శనివారం సాయంత్రం పిల్లల్ని అక్క షెడ్డుకి తీసుకెళ్ళేదాన్ని. మొదటివాడు పలక ఎక్కగానే అక్క అలవాటు కొద్దీ "లాభం!" అని అరిచింది. షెడ్డంతా ఘొల్లుమంది. నేను మాత్రం గుమ్మం బయట, గాలి వాటం చూసుకుని, చేతిరుమాలు ముక్కుకి నొక్కుకుని నిలబడేదాన్ని. ఆవిడ లోపల్నించి పాడినట్టు తూకం చెప్పేది, నేను బయట పుస్తకంలో రాసుకునేదాన్ని. "మేస్త్రి గారబ్బాయి నలభై ఏడు! మావాడు నలభై ఆరుంబావు!" ఒక్కసారి, ఒకే ఒక్కసారి లోపలికి వెళ్ళి ఆ గుండు ఎక్కడ ఆగిందో నేను చూసుంటే ఈ కథే లేదు.

నలభై ఆరుంబావు అంటే పావు కిలో ఎక్కువ. మేస్త్రి గారబ్బాయి యాభైలో ఉన్నాడు కాబట్టి అక్క కొడుకుని నలభై ఆరులో పెట్టాలని నా పథకం. పావు కిలో తగ్గించు, ఇంకాస్త తగ్గించి ఉంచు అని వాడికి రాత్రి అన్నం మాన్పించాను. మూడు వారాలు. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. పొద్దున్న గంజి, మధ్యాహ్నం గుప్పెడు అన్నం, సాయంత్రం ఇసకలో గంటన్నర. వాడు కిమ్మనలేదు. అక్క మాత్రం ఒకరోజు బడి గేటు దగ్గర పట్టుకుని, "టీచరు గారండీ, పిల్లోడు కంచం ముందు కూకుని సూసి లేసిపోతన్నాడు. నాకు ముద్ద దిగట్లేదండి" అంది. "జిల్లా గెలిచాక కడుపు నిండా పెట్టుకుందువుగాని అక్కా" అన్నాను పెద్ద అనుభవం ఉన్నదానిలా. ఆఖరి శనివారం అక్క "నలభై అయిదున్నర!" అని అరిచింది. పిల్లాడు పలక మీంచి దూకి పరిగెత్తుకొచ్చి, పుస్తకంలో నేను రాసిన అంకె చూసుకున్నాడు. ఎంట్రీ ఫారంలో ముగ్గురి పేర్లూ వాళ్ళ వాళ్ళ కేటగిరీల ఎదురుగా రాసి పంపేశాను.

పోటీలు గుడివాడలో. బయల్దేరే ముందు రోజు మా లావుపాటి వాడికి గవదబిళ్ళలు లేచి మొహం గుమ్మడికాయంత అయింది. వాణ్ణి వదిలేసి ఇద్దరితో బయల్దేరాం. వాళ్ళతో పాటు కాటా అక్క కూడా బస్సెక్కింది. "మావోడు గెలుత్తుంటే నేను సూడొద్దాండీ?" అంది. ముప్పై ఏళ్ళలో కాటా వదిలి ఊరు దాటడం అదే మొదటిసారట. చేతిలో మూత బిగించిన పెద్ద స్టీలు క్యారేజీ. చల్లపల్లి, పామర్రు దాటి సాయంత్రానికి గుడివాడలో మా మేనత్త ఇంటికి చేరాం. పిల్లలు తినకూడదని నేను మొత్తుకుంటున్నా మా మేనత్త వినదే! "పెసరట్టు ఒకటి తింటే బరువు పెరిగిపోతారా? మీ డ్రిల్లు నా ఇంట్లో కాదమ్మా" అని ఇద్దరికీ చెరొకటి వడ్డించింది. మేస్త్రి గారబ్బాయి తిన్నాడు. అక్క కొడుకు మంచినీళ్ళు తాగి, అరుగు మీద పడుకుని, పెసరట్టు వాసన రాకుండా దుప్పటి ముసుగు పెట్టుకున్నాడు.

మర్నాడు ఎనిమిదింటికి తూకం. కాలేజీ గ్రౌండులో షామియానా, దాని కింద నీలం రంగు మ్యాట్లు. మా పిల్లలు మ్యాటు చూడటం అదే మొదలు, వంగి చేత్తో తడిమి చూశారు. బల్ల దగ్గర ఒక సీనియర్ మాస్టారు కూర్చున్నారు. కళ్ళజోడు ముక్కు చివర, మాట కత్తిలా. నలభై ఆరు వాళ్ళని పిలిచారు. అక్క కొడుకు నిక్కరుతో మిషనెక్కాడు. "నలభై ఏడు ఆరు వందలు. ఎక్కువ. దిగు" అన్నారాయన. "సార్, ఇంకోసారి చూడండి సార్" అన్నాను. చూశారు. అదే. "సార్, మీ మిషను..." అన్నాను. ఆయన కళ్ళజోడు పైకి తోసి, "మా మిషనుకేం రోగం లేదమ్మా. మీ ఊళ్ళో కిలోకి ఎన్ని గ్రాములు?" అన్నారు. చుట్టూ ఉన్న మాస్టార్లందరూ పకపకా నవ్వారు. తల కొట్టేసినట్టయింది. తరవాత యాభై వాళ్ళని పిలిచారు. మేస్త్రి గారబ్బాయి నలభై తొమ్మిది తూగి సరిపోయాడు. వాడు మా పుస్తకంలో నలభై ఏడు. పెసరట్టుకి రెండు కిలోలుంటాయా? ఒక్క క్షణం మా మేనత్త మీద అనుమానం వచ్చిన మాట నిజమే గానీ, అక్క కొడుకు పెసరట్టు ముట్టలేదు కదా.

గ్రౌండు పక్కన వేపచెట్టు కింద నిలబడిన అక్క దగ్గరికి వెళ్ళి, "ఏంటక్కా ఇది? నీ కాటా రెండు కిలోలు తక్కువ చూపిస్తోంది" అన్నాను. ఎంత కోపంగా అన్నానో నాకే తెలీదు. అక్క మొహం ఎర్రబడింది. "నా కాటా తక్కువ సూపించదండి. నలభై ఏడున్నరే తూగాడు. తరుగు తీసి సెప్పాను" అంది.

"తరుగేంటి?"

"కాలవలో మునిగి నీళ్ళోడతా వచ్చారు కదండీ అందరూ. నీళ్ళకో కిలో, నిక్కరుకో కిలో. నీళ్ళోడతంటే తరుగు తియ్యమా మరి? కాటా కాడ సెప్పేది ఎప్పుడూ తరుగు తీసిన లెక్కే. అది అందరికీ తెలిసిందే కదండీ!"

అందరికీ తెలిసిందే, నాకు తప్ప. ప్రాక్టీసు అయ్యాక ఒంటికంటిన ఇసక పోవడానికి పిల్లల్ని కాలవలో ముంచి తీసుకెళ్ళింది నేనే. ఆవిడ చేతికి వచ్చే గంపలన్నీ నీళ్ళు కారుతూనే వస్తాయి. గంపకీ నీళ్ళకీ రెండు కిలోలు తీసేసి నికరం చెప్పడం ఆవిడకి ఊపిరి పీల్చినంత అలవాటు. కొనేవాడికి అన్యాయం జరగకూడదని తీస్తుంది. కన్నకొడుకైనా అంతే, తడిసి వచ్చాడు కాబట్టి న్యాయంగా తీసింది. ఎంత తడిసినా పిల్లాడి నిక్కరూ నీళ్ళూ కలిసి రెండు కిలోలుంటాయా అని వాదించేందుకు అది సమయం కాదు. వాడి అసలు బరువు ఎన్నడూ నలభై ఆరుకి దగ్గరకి కూడా రాలేదన్నమాట. మూడు వారాల పస్తు ఎందుకూ కొరగాకుండా పోయింది.

నేను మళ్ళీ బల్ల దగ్గరికి వెళ్ళాను. ఆ మాస్టారు, "నలభై ఆరులో కుదరదు. వాడి బరువుకి యాభైలో దిగాలి. యాభైలో మీకు ఒక్కరికే చోటు. ఇద్దరిలో ఎవరో తొమ్మిది లోపల తేల్చుకుని చెప్పండి" అన్నారు. తొమ్మిదికి పావుగంట ఉంది. ఇసకలో అక్క కొడుకు మేస్త్రి గారబ్బాయిని ఎన్నిసార్లు ఎత్తి పడేశాడో లెక్కే లేదు. అది అందరికంటే బాగా మేస్త్రి గారబ్బాయికే తెలుసు. వాడు నా దగ్గరికి వచ్చి, "టీచర్, వాణ్ణే పంపండి" అన్నాడు మెల్లిగా. నేనూ అదే అనబోతున్నాను. ఇంతలో అక్క అడ్డొచ్చింది.

"నువ్వూరుకో నాయనా. నీ తూకం సరిపోయింది. నీ సోటు నీది" అంది వాడితో. నా వైపు తిరిగి, "కాటా తప్పయితే ఆ తేడా కాటావోళ్ళే పెట్టుకోవాలండి. గంపలోంచి కొనేవోడిది తియ్యం, అమ్మేవోడిది తియ్యం. మా ఇంట్లోదే తీసి పెడతాం. అత్తింటికొచ్చిన కాణ్ణించీ అదే పద్ధతి. తప్పు నాది. మావోడు ఆగుతాడు" అంది. ఆ మాట చెప్పి కొడుకు వైపు చూడలేదు, క్యారేజీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

వాడు వాళ్ళమ్మని చూడలేదు. నన్ను చూశాడు. ఇప్పుడు చెప్పాల్సిన మాట ఒకటుంది, ఇన్నాళ్ళూ నా అంతట నేనుగా ఎవరికీ చెప్పలేదు. నాకప్పుడు యాభై నాలుగు గుర్తొచ్చింది. మా లావుపాటి వాడి చోటు. వాడు గవదబిళ్ళలతో ఇంట్లో పడున్నాడు, ఫారంలో వాడి పేరున్నా ఆ చోట దిగేవాడు లేడు. ఒక్క మెట్టు పైన దిగొచ్చు. నోట్సులో నా చేత్తో నేనే ఎర్ర సిరాతో గీత గీసుకున్న ముక్క. ఇద్దరిలో ఎవరు యాభైలో దిగినా రెండోవాడు యాభై నాలుగులో దిగొచ్చు. ఎవరూ ఆగక్కర్లేదు. చెయ్యాల్సిందల్లా ఆ బల్ల దగ్గరికి మూడోసారి వెళ్ళి, "సార్, ఈ పేరు ఇక్కడ రాసుకోండి" అనడమే. కానీ అక్కడ ఆ కళ్ళజోడు ఉంది. ఆ పకపకలు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి. ఈసారి ఇంకేమంటారో, ఇన్ని కొట్టివేతలేమిటమ్మా అంటారో, ఆడవాళ్ళకెందుకీ కుస్తీ అంటారో. బరువైనవాడితో పడితే పిల్లాడికి దెబ్బ తగులుతుందేమో అని నాకు నేను ఒక సాకు కూడా చెప్పుకున్నాను. వల లాగే చేతులకి దెబ్బేమిటి, నా మొహం! నా పరువు పోతుందని భయపడ్డాను, అంతే. నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాను. తొమ్మిదయింది. మాస్టారు పుస్తకం మూసేశారు.

మేస్త్రి గారబ్బాయి మొదటి కుస్తీలోనే ఓడిపోయాడు. నిమిషం కూడా పట్టలేదు. పాపం వాడికి మనసే లేదు, మ్యాటు మీద నిలబడి పక్కకి, తువ్వాలు పట్టుకుని నిలబడ్డ స్నేహితుడి వైపే చూస్తున్నాడు. అక్క కొడుకు తువ్వాలు అందించి, మంచినీళ్ళు తాగించి, వీపు తట్టాడు. యాభై నాలుగులో గెలిచిన పిల్లాణ్ణి నేను చూశాను. మావాడు మణికట్టు పట్టుకుంటే వదిలించుకోగలిగే వాడు కాడు. ఆ మాట ఎవరితోనూ అనలేదు. మధ్యాహ్నం వేపచెట్టు కింద అక్క క్యారేజీ విప్పింది. గోంగూర, రొయ్యపొట్టు వేపుడు, గడ్డపెరుగు. తూకం అయ్యాక పెడదామని ఊళ్ళో బయల్దేరే ముందే వండి తెచ్చినవి. కొడుకు కలిపి కలిపి తిన్నాడు. మూడు వారాల ఆకలి. అక్క వడ్డిస్తూ, "తిను నాయనా, తిను. ఇయాల్టి నుంచి తూకం లేదుగా" అంది. నాకు ఏడుపొచ్చింది. చేతిరుమాలు అప్పుడు మాత్రం పనికొచ్చింది.

ఆ వేసవికి వాడు వాళ్ళ నాన్న పడవెక్కాడు. నేను మరుసటి ఏడే గుడ్లవల్లేరు వైపు బదిలీ చేయించుకున్నాను. దూరమని దరఖాస్తులో రాశాను, అసలు కారణం అది కాదు. తరవాత నేను మంచి డ్రిల్లు టీచరునే అయ్యాను లెండి, చెప్పుకోకూడదు గానీ. ఎక్కడికి వెళ్ళినా ముందు బడికి బరువు మిషను సంపాదించేదాన్ని, నా కళ్ళతో నేనే అంకె చూసేదాన్ని. ఏ పిల్లకీ, ఏ పిల్లాడికీ అన్నం మాన్పించలేదు. బరువు కుదరకపోతే ఒక మెట్టు పైన దింపేదాన్ని, బల్ల దగ్గర ఎవరేమన్నా దులిపేసేదాన్ని. "ఈవిడ నోటికి జడవాలి" అని నాకు పేరొచ్చింది. ఆ నోరు గుడివాడలో ఆ పావుగంటలో లేచుంటే ఎంత బాగుండేదో ఆ పేరు పెట్టినవాళ్ళకి తెలీదు.

ఏడెనిమిదేళ్ళ తరవాత ఒక పెళ్ళికి అవనిగడ్డ వెళ్ళి, బస్టాండులో నిలబడి ఉంటే ఒక ఐసు బండి వచ్చి ఆగింది. రొయ్యల చెరువుల వాళ్ళకి ఐసు తోలే వ్యాను. డ్రైవరు దిగి, "టీచర్ గారూ, గుర్తుపట్టారా?" అన్నాడు. ఆ మెడా భుజం గుర్తుపట్టకుండా ఎలా ఉంటాను? బందరు వెళ్తున్నానంటే ఎక్కమన్నాడు. పడవ వదిలేశాడట, బండి తనదేనట, పెళ్ళయిందట, కూతురట. అక్క ఎలా ఉందంటే, "బానే ఉందండి, మోకాళ్ళు నెప్పులు, అయినా కాటా వదల్దు" అని నవ్వాడు. చల్లపల్లి దాటేదాకా అవీ ఇవీ మాట్లాడుకున్నాం. తరవాత రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అడిగాడు.

"ఒకటడగనాండీ? ఒక మెట్టు పైన దిగొచ్చని నాకు తరవాత తెలిసిందండి. ఆర్మీ సెలక్షన్లకెళ్తే అక్కడో కుర్రాడు చెప్పాడు. ఆ రోజు గుడివాడలో యాభై నాలుగు ఖాళీయే కదండీ. అది మీకప్పుడు తెలుసాండీ?"

తెలీదు అనొచ్చు. ఎవరు కాదంటారు? నేను కుస్తీకి కొత్తని వాడికీ తెలుసు. తెలీదంటే వాడు నమ్మేవాడు, ఇద్దరికీ హాయిగా ఉండేది. "తెలుసు" అన్నాను.

వాడు గేరు తగ్గించాడు. బండి మెల్లిగా పోతోంది, వెనక ఐసు కరిగి రోడ్డు మీద నీళ్ళు కారుతున్న చప్పుడు. కొంత దూరం పోయాక, "మీ మీద కోపం రావాలండి. రాట్లేదని చెప్పను, వస్తోంది" అన్నాడు. నేను తలొంచుకున్నాను. బందరు బస్టాండు దగ్గర బండి ఆపి, నా సంచీ దింపి చేతికిచ్చి, వెళ్ళబోతూ ఆగాడు. "అమ్మకి మాత్రం చెప్పకండి టీచర్ గారూ. తన కాటా వల్లే పోయిందని ఎట్టాగో సరిపెట్టుకుంది. వేరే దారుండి కూడా పోయిందని తెలిస్తే తట్టుకోలేదు." చెప్పనని మాటిచ్చాను.

అక్క ఇంకా ఉంది. ఏడాదికోసారైనా ఎండుచేపలు పట్టుకుని బందరు వచ్చి మా గుమ్మంలో కూర్చుంటుంది. నేను చేతిరుమాలు మానేసి చాలా కాలమైంది. అవీ ఇవీ మాట్లాడి, లేచేముందు ప్రతిసారీ, "ఆ రోజు పిల్లోడికి నేనే అన్యాయం సేశానండి, నా నోట్లో పుట్టిన తరుగే వోడి కొంప ముంచింది" అంటుంది. అని నా మొహంలోకి చూస్తుంది. కాదక్కా అనడానికి వీల్లేదు, వాడికి మాటిచ్చాను. ఔననడానికి నోరు రాదు. ఆ రోజు ఒక్క నిమిషం ఊరుకున్నందుకు ఇరవై ఏళ్ళుగా ఊరుకుంటూనే ఉన్నాను.